పితృ ఋణమా, ఋషి ఋణమా?

1837 జూలైలో ఇంగ్లండులో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పనులు జరిగాయి. నెల మొదటి తేదీన పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ప్రభుత్వ రిజిస్టర్లకెక్కడం మొదలైంది. అంతకుముందు మూడు వందల ఏళ్లు ఆ లెక్క చర్చి చేతిలో ఉండేది. 30వ తేదీన లాంకషైర్‌లోని ప్రెస్టన్ దగ్గర రిబుల్ నదిలో తొమ్మిది మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు అదే నెలలో లివర్‌పూల్ రేవులో దిగిన మోర్మన్ ప్రచారకులు. ముందు ఎవరు నీళ్లలో దిగుతారన్న పంతంతో ఒడ్డు దాకా పరుగుపందెం నడిచిందనీ, జార్జ్ డి. వాట్ అనే పాతికేళ్ల మాంచెస్టర్ కుర్రవాడు గెలిచాడనీ ఆ సంఘం చరిత్ర చెబుతుంది. ఆ గెలుపుతో బ్రిటన్ గడ్డ మీద బాప్తిస్మం పొందిన తొలి మోర్మన్ అతనే అయ్యాడు. 1842లో అమెరికా చేరాడు. 1846లో ప్రచారానికి వెనక్కి వెళ్లి, 1851లో మళ్లీ వచ్చి యూటాలో స్థిరపడ్డాడు. సరిగ్గా ఆ 1837లోనే మొదటిసారి అచ్చయిన పిట్మన్ షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని, సంఘాధిపతి బ్రిగమ్ యంగ్ ప్రసంగాలు రాసుకునే లేఖకుడయ్యాడు. 1868లో జీతం దగ్గర యంగ్‌తో చెడింది. 1874లో సంఘం అతణ్ణి వెలివేసింది. 1881లో పోయాడు.

ఇలాంటి మనిషి ముత్తాతకు తాత అయితే, ఆ ఇంటి పిల్లలు అతని జాడ వెతకడాన్ని ఏమనాలి? 19వ శతాబ్దంలో లాంకషైర్ నుంచో యార్క్‌షైర్ నుంచో ఓడెక్కిన మనుషుల వంశాలు వెతుక్కోవడం ఇవాళ అమెరికాలో, కెనడాలో, ఆస్ట్రేలియాలో ఎంతోమందికి వ్యాపకం. మోర్మన్లకు మాత్రం అది ధర్మం. వ్యాపకంగా చేసేవాళ్లను కదిపినా, 'వాళ్లకు మనం ఆపాటి ఋణపడి ఉన్నాం కదా' అంటారు. ఆ మాటనే పరీక్షకు పెట్టాలి. ఋణమైతే ఎవరికి బాకీ, ఏం బాకీ, తీర్చాల్సింది ఎవరు? ఋణం ఉన్నమాట నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. అది రక్తం వల్ల వచ్చిందని మాత్రం ఒప్పుకోను. మన శాస్త్రాల పరిభాషలో చెప్పాలంటే అది పితృ ఋణం కంటే ఋషి ఋణానికి దగ్గర. సరిగ్గా చదవడమే దాని చెల్లింపు. చదవడం దాటిపోయి, చనిపోయినవాడి తరఫున నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెడితే అది ఆక్రమణ అవుతుంది.

మోర్మన్ సిద్ధాంతాన్ని ఎగతాళి చేయడం తేలిక. ముందు దాని బలమేమిటో చూడాలి. బాప్తిస్మం లేనిదే మోక్షం లేదంటే, క్రీస్తు పేరు చెవిన పడకుండానే పోయిన కోట్లాది మంది గతేమిటన్నది క్రైస్తవాన్ని మొదటి నుంచీ వేధించిన ప్రశ్న. 1840 ఆగస్టులో ఇల్లినాయి రాష్ట్రంలోని నావూలో ఒకరి అంత్యక్రియల సందర్భంగా ప్రసంగిస్తూ మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ దీనికి జవాబు చెప్పాడు: బతికున్నవాళ్లు చనిపోయినవాళ్లకు బదులుగా బాప్తిస్మం పొందవచ్చు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో అలాంటి ఆచారం ప్రస్తావన ఉంది, ఆధారం అదే. జనం మిసిసిపీ నదిలో దిగి తల్లుల పేర, తాతల పేర మునిగారు. మొదట్లో ఆడవాళ్లు మగవాళ్లకు బదులు మునిగిన సందర్భాలూ ఉన్నాయి. పద్ధతిగా రాసిపెట్టినవాళ్లు తక్కువ. 1842 సెప్టెంబరులో స్మిత్ రెండు ఉత్తరాలు రాసి కట్టుదిట్టం చేశాడు: ప్రతి మునక దగ్గరా లేఖకుడు ఉండాలి, కళ్లారా చూడాలి, పేరు రాయాలి, భూమ్మీద సరిగ్గా రాసింది పరలోకంలోనూ చెల్లుతుంది. మతం రికార్డు గది గడప తొక్కింది అప్పుడే. పేరు లేనిదే క్రియ లేదు, వెతకనిదే పేరు దొరకదు. తాత మీద ప్రేమ ఉంటే చాలదు, కాగితం కావాలి.

ఆ కాగితాన్ని దగ్గరగా చూడకుండా ఈ వాదన ముందుకు కదలదు. ఇంగ్లండులో పారిష్ రిజిస్టర్లు 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలయ్యాయి. వాటిలో ఉండేది బాప్తిస్మం తేదీ. పుట్టిన తేదీ పాదిరికి తోస్తే రాశాడు, లేకపోతే లేదు. ఆంగ్లికన్ చర్చి గడప తొక్కని బాప్టిస్టులు, క్వేకర్లు, కాథలిక్కుల బిడ్డలు చాలావరకు వాటిలో కనబడరు. 1813 జనవరి నుంచి అచ్చు ఫారాల రిజిస్టరు వచ్చింది, అందులో తండ్రి వృత్తికి ఒక గడి పెట్టారు. 1812 మేలో పుట్టిన వాట్ లాంటివాడు ఆ గడికి కొద్ది నెలల్లో తప్పిపోయాడు. 1841 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదుల లెక్కకు కిందికి దించి రాయమన్నారు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి ముప్పై అయిదేళ్లవాడైపోతాడు. ఇంట్లో ఎవరు ఎవరికేమవుతారో రాయలేదు. ఏ ఊళ్లో పుట్టావని అడగలేదు, ఈ కౌంటీలోనే పుట్టావా అని అడిగి అవునో కాదో రాసుకున్నారు. బంధుత్వం, పుట్టిన ఊరు లెక్కల్లోకి వచ్చింది 1851లో. 1840ల్లో ఓడెక్కిపోయినవాడు అప్పటికి అక్కడ లేడు. ఓడ జాబితా మరీ పొదుపరి. 1819 నాటి అమెరికా చట్టం ఓడ కెప్టెన్‌ను అడిగింది పేరు, వయసు, ఆడా మగా, వృత్తి, ఏ దేశం నుంచి, ఏ దేశానికి. ఊరి ఊసు లేదు. 'ఇంగ్లండు, కూలి' అన్న రెండు మాటల దగ్గర ఎందరి వెతుకులాటో ఆగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది, ఎక్కువ మోసగించేది పెళ్లి సర్టిఫికెట్. 1837 నమూనాలో వయసు గడి ఉంది. చాలాచోట్ల అంకె వేయకుండా 'పూర్తి వయసు' అని రాసి వదిలేశారు, ఇరవై ఒకటి దాటిందని దాని అర్థం. ఆ పక్కన తండ్రి పేరు, తండ్రి వృత్తి. పెళ్లి కాని తల్లికి పుట్టినవాడు పాదిరి ఎదుట, కాబోయే అత్తమామల ఎదుట నిలబడి ఆ గడిలో ఏం రాయించాలి? కొందరు ఖాళీగా వదిలేయించారు. కొందరు తల్లి తండ్రి పేరు చెప్పారు. మరికొందరు లేని తండ్రిని కల్పించి, అతనికో వృత్తిని కూడా తగిలించి, సంతకం రాక కింద ఇంటూ గుర్తు పెట్టారు. 1834 పేదల చట్టం అలాంటి బిడ్డ భారాన్ని తల్లి మీదకే నెట్టాక అసలు తండ్రి ఎవరో చెప్పించాల్సిన అవసరం పారిష్‌కూ తగ్గింది. ఆ గడిలో పుట్టిన కల్పిత తండ్రి ఇవాళ ఏదో వంశవృక్షంలో కొమ్మగా ఉండి ఉంటాడు, అతనికి తండ్రిని వెతుకుతూ ఎవరో కళ్లు కాయలు కాసేలా రిజిస్టర్లు తిరగేస్తూ ఉంటారు. భూమ్మీద ఎన్నడూ పుట్టని మనిషికి బదులుగా ఎవరో బాప్తిస్మం పొంది ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. చనిపోయినవాళ్లు మనతో నేరుగా మాట్లాడరు. ఏదో కాలంలో ఏదో అధికారి అడిగిన ప్రశ్నకు వాళ్లిచ్చిన జవాబు మిగిలింది, అందులో కొంత భయం, కొంత సిగ్గు, కొంత 'నీకెందుకయ్యా' అన్న విసుగు కలిసి ఉన్నాయి. కాబట్టి వంశం వెతికేవాడి మొదటి పని ఆ మనిషిని ప్రేమించడం కాదు, అలా ఎందుకు చెప్పి ఉంటాడని విచారించడం.

దీని మీద మొదటి ఆక్షేపణ రక్తం పేర వస్తుంది: అతను నా పూర్వీకుడు, అతని మీద నాకున్న హక్కు, బాధ్యత పరాయివాడికి ఎక్కడివి? లెక్క వేస్తే ఈ మాట నిలవదు. పది తరాలు వెనక్కి వెళ్తే ప్రతివాడికీ 1,024 పూర్వీక స్థానాలుంటాయి. దగ్గరి సంబంధాలు చేసుకున్న ఊళ్లలో ఒకే మనిషి రెండు మూడు స్థానాల్లో కూర్చుంటాడు, అది వేరే సంగతి. జన్యుశాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం ఆ తరంలో సుమారు సగం మంది నుంచి మనకు ఒక్క డీఎన్ఏ ముక్క కూడా దిగదు. ఇంటిపేరు పట్టుకుని వెళ్లేవాడు వేయిన్నొక్క దారుల్లో ఒక్కదాన్నే నడిచి, దానికే వంశమని పేరు పెడుతున్నాడు. తల్లి తల్లి తల్లి ఎవరో, ఏ మిల్లులో నూలు వడికిందో ఆ వృక్షంలో ఉండదు.

పూర్వీకుణ్ణి మనమే ఎంచుకుంటామన్న సంగతికి మోర్మన్ చరిత్రే మంచి సాక్ష్యం. నావూ ఆలయంలో 1846లో చాలామంది విశ్వాసులు తమ కన్నతండ్రులతో కాకుండా బ్రిగమ్ యంగ్ వంటి పెద్దలతో తండ్రీకొడుకులుగా శాశ్వత బంధం వేయించుకున్నారు. దాన్ని దత్తత ధర్మం అన్నారు. కన్నతండ్రి కొత్త మతంలోకి రాకుండా లాంకషైర్‌లోనే పోయినవాడైతే, అపొస్తలుడి వంశంలో చేరడమే క్షేమమని వాళ్లకు తోచింది. 1894 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ ఉడ్‌రఫ్ దీన్ని ఆపేశాడు. ఎవరి తల్లిదండ్రులతో వాళ్లు బంధం వేయించుకోండి, వెనక్కి ఎంతవరకు వెళ్లగలిగితే అంతవరకు వెళ్లండి అన్నాడు. అదే ఏడాది నవంబరులో యూటా వంశచరిత్ర సంఘం పుట్టింది. ఇవాళ ప్రపంచమంతా వాడుకునే వంశ పరిశోధన యంత్రాంగానికి వేరు ఆ నిర్ణయంలో ఉంది. అంతకు పదిహేడేళ్ల ముందు, 1877లో, ఇదే ఉడ్‌రఫ్ సెయింట్ జార్జ్ ఆలయంలో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసిన పెద్దల పేర బదులు బాప్తిస్మాలు జరిపించాడు. వాళ్లు అతని చుట్టాలేమీ కారు. యాభై ఏళ్లలోపే ఒకే మతం తండ్రి ఎవరన్న ప్రశ్నకు రెండు జవాబులు చెప్పింది. అందుకు దాన్ని నిందించను. మన గోత్రాలు మాత్రం? పెళ్లితో ఆడపిల్ల గోత్రం మారుతుంది, దత్తతతో కొడుకు గోత్రం మారుతుంది. ఒంట్లో రక్తం మారదు. ఏ రక్తం లెక్కలోకి వస్తుందో ఎక్కడైనా సంఘమే నిర్ణయిస్తుంది. సంఘం నిర్ణయించినదాన్ని ప్రకృతి వేసిన బాకీగా చూపించడం దగ్గరే నాకు పేచీ.

ఈపాటికి తెలుగు పాఠకుడికి తర్పణం గుర్తు వచ్చే ఉంటుంది. పోలిక ఉంది, పోలిక కంటే తేడా ముఖ్యం. తర్పణంలో పేరు, గోత్రం చెప్పి నీళ్లు వదిలేది తండ్రికి, తాతకు, ముత్తాతకు. తల్లి వైపు కూడా మూడు తరాలే. ఆపైన పేర్లతో పనిలేదు. ఈ పేర్లే తెలియనివాడు ఎలా చేయాలో శాస్త్రం చెప్పి పెట్టింది. కడుపున కాయ కాయకుండా పోయినవాళ్లకు, చుట్టం పక్కం లేనివాళ్లకు చివర్లో నీళ్లు విడవమంది. మన కర్మకాండ తెలియనితనాన్ని ముందే లెక్కలో వేసుకుంది, మోర్మన్ కర్మకాండ దాన్ని జయించి తీరాలంటుంది. ఇద్దరికీ కలిపి తగిలే ఆక్షేపణ ఒకటుంది. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో చార్వాకుల వాదంగా దాన్ని నమోదు చేశాడు: ఇక్కడ పెట్టింది పైలోకంలో ఉన్నవాడి ఆకలి తీర్చేదైతే, ఊరికి పోయేవాడికి దారిబత్తెం కట్టడం దండగే కదా అని. ఎపిక్యూరస్ ఇదే సంగతిని వేరే దారిలో చెప్పాడు: చావు తర్వాత బాధపడడానికి మనిషే ఉండడు. సరే, ఒప్పుకుందాం. చనిపోయినవాడికి నీళ్లూ అందవు, మునకా అందదు. ఈ వాదం కర్మను కొట్టగలదు గాని చదువును కొట్టలేదు. 1812లో పుట్టినవాడు 1821లో పుట్టాడని రాస్తే, నొచ్చుకోవడానికి అతను లేకపోయినా అది తప్పే. గణితంలో తప్పు చేస్తే ఏ అంకె నొచ్చుకుంది గనక?

దేవ, పితృ, ఋషి అనే మూడు ఋణాల మాట తైత్తిరీయ సంహితలో ఉంది. దాని ప్రకారం పితృ ఋణం తీరేది సంతానంతో, అంటే చూపు వెనక్కి కాదు, ముందుకు. తాతల చరిత్ర తవ్వమని అది అడగదు. ఋషి ఋణం తీరేది విద్యార్థి దశలో చేసే అధ్యయనంతో. మనకంటే ముందు చూసి చెప్పినవాళ్ల మాటను చెడగొట్టకుండా అందుకుని, చెడగొట్టకుండా అందించాలి. ఒక్క అక్షరం, ఒక్క స్వరం తప్పిపోకూడదని పదపాఠం, క్రమపాఠం, ఘనపాఠం కల్పించుకున్న సంప్రదాయం అది. పైగా ఋషి మనకు రక్తబంధువు కానక్కర్లేదు. ఆ వాక్యం బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించిందనీ, వేదం గురించి చెప్పిందనీ నాకు తెలుసు. లాంకషైర్ నేతగాడి పెళ్లి సర్టిఫికెట్ దాకా దాన్ని లాక్కురావడం నా పని, శాస్త్రం పని కాదు. లాగడానికి కారణం, ఆ మూడింట్లో ఖచ్చితంగా చదవడమే చెల్లింపుగా ఉన్న ఋణం ఇదొక్కటే. ప్రెస్టన్ రిజిస్టరులో ఒక కూలివాడు చెప్పుకున్న మాటను ఆ కూలివాడి మునిమనవడు చదివినా, ఆ ఊరితో ఏ సంబంధం లేని పరిశోధకురాలు చదివినా బాకీ ఒకేలా తీరుతుంది. తప్పుగా చదివితే ఒకేలా పెరుగుతుంది.

బదులు బాప్తిస్మం విషయంలో మోర్మన్లు ఇచ్చే సమాధానం తీసిపారేయదగ్గది కాదు. అది బలవంతం కాదు, ఆహ్వానం అంటారు. అవతల ఉన్న ఆత్మ ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు. వద్దంటే ఇక్కడ చేసిన క్రియ అంటదు. సిద్ధాంతంగా ఇది మర్యాదైన మాటే. కానీ రిజిస్టరులో బాప్తిస్మానికి గడి ఉంది, నిరాకరణకు గడి లేదు. భూమ్మీద రాసిందే చెల్లుతుందని 1842లో నిలబెట్టిన మతమే ఈ ఖాళీకి జవాబు చెప్పుకోవాలి. నాజీ మారణహోమంలో చనిపోయిన యూదుల పేర ఇలాంటి బాప్తిస్మాలు జరిగాయని తెలిసి యూదు సంస్థలు నిలదీస్తే, 1995లో ఆ పేర్లు తొలగిస్తామని సంఘం ఒప్పందం చేసుకుంది. అయినా 2012లో ఆన్ ఫ్రాంక్ పేర మళ్లీ జరిగినట్టు బయటపడింది. యూదురాలన్న ఒక్క కారణానికి ప్రాణం పోగొట్టుకున్న పిల్లకు ఇంకో మతంలో చోటు చూపించడం ఆహ్వానం ఎలా అవుతుందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. 2008లో వాటికన్ తన డయోసిస్‌లకు లేఖ రాసి పారిష్ రిజిస్టర్లను మోర్మన్ వంశచరిత్ర సంఘానికి ఇవ్వవద్దంది. గత 110 ఏళ్లలో పుట్టినవాళ్లకైతే దగ్గరి బంధువు అనుమతి ఉండాలన్న నియమం సంఘానికి ఉంది. మంచి నియమమే. అది కాపాడేది బతికున్న బంధువు మనసును. 1812లో పుట్టి, తన ఇష్టంతో పరిగెత్తి నదిలో దిగి, తర్వాత పెద్దలతో విభేదించి వెలిపడ్డవాడి మనసు మాటేమిటి? వాట్ విషయంలో చేరిక ఎంత నిజమో చీలిక అంత నిజం. రెండూ ఉన్న కథే అతని కథ.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. కొన్ని స్థానిక సంఘాలను కలిపి స్టేక్ అంటారు; భారతదేశంలో ఈ సంఘపు తొలి స్టేక్ 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. తన ముత్తాత పేరును ఆలయానికి పంపాలా వద్దా అన్నది కొన్ని తెలుగు ఇళ్లలో నిజంగా ఎదురయ్యే ప్రశ్న. ఆ ముత్తాత ఏటా తన తండ్రికి నువ్వులూ నీళ్లూ వదిలినవాడై ఉండవచ్చు, పోచమ్మకు బోనం ఎత్తిన ఇంటివాడై ఉండవచ్చు. అలాగని మనం తక్కువ తినలేదు. జీవితమంతా నాస్తికుడిగా బతికి, నాకేమీ చేయవద్దని చెప్పి పోయిన తండ్రికి 'లోకం ఏమనుకుంటుంది' అని పిండం పెట్టే కొడుకులు తెలుగునాట కొల్లలు. ఆ పిండమూ నా లెక్కలో ఆక్రమణే. ఆ తండ్రి ఏం నమ్మాడో ఉన్నది ఉన్నట్టు రాసి పిల్లలకు అందిస్తే ఋణం తీరినట్టు.

ఇంకో ఆక్షేపణకు మాత్రం తల వంచాల్సిందే. ఆ విశ్వాసమే లేకపోతే ఈ కాగితాలు మిగిలేవా? 1938 నుంచి యూటా సంఘం ప్రపంచమంతా తిరిగి రిజిస్టర్లను మైక్రోఫిల్మ్ తీసింది. సాల్ట్ లేక్ సిటీ పక్కన కొండ గ్రానైటును తొలిచి, 1960ల్లో ఖజానా కట్టి వాటిని దాచింది. 24 లక్షల చుట్టలు. వాటిని డిజిటల్ చేయడం 2021లో పూర్తయింది. మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా డబ్బు కట్టకుండా చూసుకోవచ్చు. హరిద్వార్ పండాల దగ్గరి బహీలు, అంటే యాత్రికుల వంశాల పుస్తకాలు, కూడా వాళ్ల ఫిల్ములోకి ఎక్కాయి. మన వంశాల లెక్క మనకంటే శ్రద్ధగా దాచినవాళ్లు వాళ్లే కావడం కొంచెం సిగ్గుపడాల్సిన సంగతి. చదువుకు మాత్రమే అంకితమైన ఏ విశ్వవిద్యాలయమూ ఇంత పని తలకెత్తుకోలేదు. అయితే దాచినవాడి ఉద్దేశం దాచినదాని అర్థాన్ని శాసించదు. దీనికి వాళ్ల ఇంట్లోనే ఉదాహరణ ఉంది. పేద ఇంగ్లీషు విశ్వాసులు ఓడ ఖర్చుకు అప్పు తీసుకునేందుకు 1849లో శాశ్వత వలస నిధి పెట్టారు. చేరాక సంపాదించి తిరిగి కట్టాలి, ఆ డబ్బుతో తర్వాతి ఓడ. చాలామంది కట్టలేకపోయారు. 1877లో బాకీదారుల పేర్లు, హామీ ఉన్నవాళ్ల పేర్లు పుస్తకంగా అచ్చు వేశారు. సంఘానికి యాభై ఏళ్లు నిండిన 1880లో పేదల బాకీల్లో సగం మాఫీ చేశారు. 1887లో ఎడ్మండ్స్-టక్కర్ చట్టంతో ప్రభుత్వం ఆ నిధినే రద్దు చేసింది. వసూలు కోసం వేసిన ఆ పుస్తకం ఇవాళ వంశచరిత్రకారుల పాలిట పెన్నిధి. తాతకు పరువు తక్కువైన జాబితాలో పేరు దొరికినందుకు మునిమనవడు సంబరపడుతున్నాడు. ఆ సంబరంలో తప్పేమీ లేదు, ఆ తాతకు ఆ పేజీ ఎలా కనబడి ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకుంటే.

వంశాన్ని లాక్కున్నవాళ్లున్న చోట ఈ చదువు మాటలు చప్పగా ఉంటాయనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవాళ్లలో అత్యధికుల పేర్లు జనాభా లెక్కల్లోకి మొదటిసారి ఎక్కింది 1870లో; అంతకుముందు యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రం ఉండేవి. వాళ్ల వారసులకు పేరు వెతకడం న్యాయం కోసం చేసే పోరాటం, దాన్ని అధ్యయనమని చల్లగా పిలిస్తే ఎలా? నిజమే, అది న్యాయమే. కానీ ఆ న్యాయం జరిగేది కూడా యజమాని రాసిన పట్టీని యజమాని కళ్లతో కాకుండా సరిగ్గా చదవడం వల్లే. ఛాందోగ్యంలో సత్యకాముడి కథ ఇక్కడ అందరూ చెబుతారు: గోత్రం ఏమిటని గురువు అడిగితే, తల్లికి తెలియదన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పి శిష్యుడయ్యాడని. కథలో నాకు రుచించని ముక్క ఒకటుంది. అంత నిజం చెప్పాడు కాబట్టి బ్రాహ్మణుడే అయి ఉంటాడని గురువు తేల్చేస్తాడు; ఖాళీ గడి ఒక్క పూట కూడా ఖాళీగా ఉండలేకపోయింది. కుర్రవాడు సరిగ్గా చదివాడు, గురువుగారు గడి నింపారు.

వాట్ దగ్గరికి వస్తే ఈ చిక్కు మరో మెలిక తిరుగుతుంది, ఎందుకంటే అతనే లేఖకుడు. యంగ్ తదితరుల ప్రసంగాలతో 1854 నుంచి 1886 దాకా లివర్‌పూల్‌లో 26 సంపుటాలు వెలువడ్డాయి, మొదలుపెట్టింది వాట్. యూటా చరిత్రలో ఎందరో పూర్వీకుల మాటలకు ఆ సంపుటాలే ఆధారమని ఒకటిన్నర శతాబ్దం అందరూ నమ్మారు. అతని షార్ట్‌హ్యాండ్ నోట్సును లజీన్ పర్సెల్ కారత్ అనే పరిశోధకురాలు ఓపికగా చదివి అచ్చుతో పోల్చాక, రెండూ ఒకటి కావని తేలింది. వాట్ అచ్చుకు రాసేటప్పుడు వాక్యాలు దిద్దాడు, మాటలు చేర్చాడు, తీసేశాడు. అతను సంఘాన్ని మోసగించాలని చేసి ఉండడు. ఆ రోజుల్లో మంచి లేఖకుడి పని అదేననుకునేవారు. అతని రాత ఏమిటో, ఆ దిద్దుబాటు ఏమిటో ఇవాళ మనకు తెలిసింది ఆ గీతలు చదవడం నేర్చుకున్న మనిషి వల్ల. వంశం రాయబోయేవాళ్లకు, అది ప్రెస్టన్ నుంచి పోయినవాళ్లదైనా ప్రొద్దుటూరు నుంచి పోయినవాళ్లదైనా, ఒక్క మనవి: రిజిస్టరులో ఉన్న మాటను, మీరు ఊహించిన మాటను పక్కపక్కన వేర్వేరుగా అచ్చు వేయించండి, తండ్రి పేరు దొరకని గడిని ఖాళీగానే వదలండి.